సముద్రం ఒడ్డున మగ్గం గుంత

సముద్రానికి అరవై అడుగుల దూరంలో మగ్గం గుంత తవ్వాలన్న ఆలోచన ధర్మవరం వాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు. తవ్వింది మా నాయన. మట్టి ఎత్తిపోసింది నేను. మారిషస్ దేశంలో, ఇప్పటికీ నా నోరు తిరగని ఫ్రెంచి పేరున్న ఒక చిన్న సముద్రతీర పట్నంలో, క్రిస్మస్‌కు మూడు వారాల ముందు. ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

అంత దూరం ఎందుకు పోయామో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది ఒంటి మగ్గం ఇల్లు. నేలలో మోకాలి పైదాకా గుంత. ఆ గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, కింద పలకలు తొక్కుతూ నేయాలి. పట్టూ జరీ సావుకారి ఇస్తాడు. పడుగు, అంటే చీరకు నిలువు పోగులు, ఆయన ఇంటి నుంచే వస్తుంది. నేసిన చీర ఆయన ఇంటికే పోతుంది. ఒక పడుగు అయిపోతే ఇంకొకటి ఇస్తాడు. ఆయన ఇవ్వడం మానుకుంటే ధర్మవరంలో ఇంకొకరు ఇవ్వరు. ఆయనెందుకు మానుకున్నాడో కనుక్కుని వాళ్ళూ మానుకుంటారు. నాయన, అమ్మ, నేను, నా తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు, ఐదుగురం ఆ ఒక్క మగ్గం మీదే బతికేవాళ్ళం.

మేం విమానం ఎక్కడానికి రెండేళ్ళ ముందు నుంచే నాయన కళ్ళకు మసక కమ్ముతూ వచ్చింది. ఊర్లో చూపిస్తే ఊరంతా తెలుస్తుందని, చింతపండు తెచ్చుకునే సాకుతో అమ్మ ఆయన్ను హిందూపురంలో మా మేనమామ ఇంటికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. అక్కడి కంటి డాక్టరు రెండు కళ్ళకూ శుక్లాలన్నాడు. ఇంకా ముదరలేదు, ముదిరాక కోస్తాం, కోశాక మూడు నెలలు మగ్గం మాట ఎత్తకూడదు అన్నాడు. మా మామ సగం కన్నడం కలిపి మాట్లాడే మనిషి. “దుడ్ల సంగతి నాకిడ్సిపెట్టు బావా, నువ్వు కండ్లు సూసుకో” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు పెనుకొండ దాటాక అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

“మూడు నెల్లు మగ్గం ఆగితే సావుకారికి తెలీకుండా ఉంటాదా? కండ్లు కనపడని మనిషికి పట్టు పడుగు ఎవురిస్తారు? ముదిరేదాకా గమ్మునుండాల. ఎవురికీ చెప్పొద్దు.”

గమ్మున ఉన్నాం. నాయనకు చూపు తగ్గినా చెయ్యి తగ్గలేదు. పొద్దున మగ్గంలో కూర్చోగానే అరచేతిని పడుగు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు జరిపేవాడు. తెగిన పోగు ఉంటే చేతికి గిలిగింత పెడుతుందనేవాడు. ఎక్కడో చెప్తే నేను అతికేదాన్ని. రంగులు తారుమారు కాకుండా, అడ్డపోగు చుట్టిన కండెలు వరసగా అందించేదీ నేనే. ఎవరైనా వసారాలోకి వచ్చి నాయన పని చూస్తూ నిలబడితే ఏదో ఒక తగువు పెట్టుకుని పంపేసేదాన్ని. మా వీధిలో నాకు గయ్యాళి అని పేరొచ్చింది ఆ రెండేళ్ళలోనే. పుట్టుకతో కూడా కొంత ఉండేదనుకోండి.

ఇలా నడుస్తుండగా సావుకారి ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. బెంగుళూరులో ఆయన చీరలు కొనే ఎగుమతి వ్యాపారి ఒకాయన మారిషస్‌లో ఒక హోటలు వాళ్ళతో ఏర్పాటు చేసుకున్నాడట. క్రిస్మస్ సెలవులకు వచ్చే దొరల ముందు మగ్గం పెట్టి చీర నేసి చూపించాలి. పండుగ రోజు మధ్యాహ్నం అందరి ఎదుట మగ్గం మీది నుంచి చీర కోసి పరచాలి.

“నా దగ్గర అరవై మగ్గాలుండాయి. నీ చెయ్యి అట్ల ఇంకోరి చెయ్యి లేదు. నువ్వే రావాల” అన్నాడు సావుకారి.

రానంటే ఎందుకు రావని అడుగుతాడు. వస్తానంటే నెలరోజులు ఆయన కళ్ళ ముందే నేయాలి. నాయన మెడ చుట్టూ తువ్వాలు రెండుసార్లు తిప్పి, చివరికి, “పోగులతికేదానికి నా కూతురు గూడా రావాల, సావుకారీ. ఇంకోరితో నాకు పొసగదు” అన్నాడు. సావుకారి ముఖం చిట్లించాడు కానీ ఒప్పుకున్నాడు.

కాగితాల పని పెనుకొండలో. ఒక ఆఫీసులో గుమాస్తా ముందు నాయన సంతకం పెట్టాలి. గీత ఎక్కడుందో కనపడక, నాయన గీతకు రెండు వేళ్ళ పైన, స్టాంపు మీద పెట్టేశాడు. గుమాస్తా తలెత్తి, “ఏమప్పా, కండ్లు కనపడవా?” అన్నాడు. వెనక బల్ల మీద సావుకారి కూర్చుని ఉన్నాడు.

“కనపడ్తాయి సారూ, మీ చెయ్యి అడ్డమొచ్చింది. చెయ్యి తీస్తే గదా గీత కనపడేది” అన్నాను.

గుమాస్తా తిట్టాడు, సావుకారి నవ్వాడు, ఇంకో కాగితం తెచ్చారు. ఈసారి నేను నాయన మోచేతిని ఎవరికీ కనపడకుండా కిందికి లాగి సరైన చోటికి తెచ్చాను. బస్టాండు చేరేదాకా ఆ మోచేతిని వదల్లేదు.

ప్రయాణం రోజు అమ్మ నాకు చెప్పింది ఒకటే మాట. “ఆయన కండ్లు నువ్వే. ఆయన్ను ఇడ్సి యాడికీ పోవద్దు.”

ఆ దేశంలో డిసెంబరు అంటే మండు వేసవి. మా దిక్కు ఏప్రిల్‌లో పూసే తురాయి చెట్లు అక్కడ క్రిస్మస్‌కు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. హోటలు వాకిట్లో సరుగుడు కొమ్మ ఒకటి నాటి, దానికి దూది అంటించారు. మంచు అనుకోవాలట. దాని కింద నిలబడి దొరలు చెమటలు తుడుచుకుంటూ ఫొటోలు దిగేవాళ్ళు. అంతకు ముందు నాకు తెలిసిన క్రిస్మస్ మా వీధి చివర కాపురమున్న ఆస్పత్రి నర్సమ్మ ఇంటింటికీ పంచే కేకు ముక్క, అంతే.

మా కోసం ఇసుకలో కొబ్బరాకుల పందిరి వేశారు. మగ్గం కొయ్యలు అక్కడి వడ్రంగి చేశాడు. పోగులు విడదీసే పన్నె, అడ్డపోగు వేసే నాడె, పడుగు మేం తీసుకుపోయాం. నాయన పార అడిగి తీసుకుని గుంత తవ్వడం మొదలుపెట్టాడు. ఆ హోటలు తోటలో పనిచేసే పెద్దామె ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చి, సముద్రం వైపు వేలు చూపించి, తర్వాత తన మోకాలి దాకా చెయ్యి లేపి చూపించింది. నాయన పార ఆనించుకుని నవ్వాడు.

“నీళ్ళంట పాపా! మన దిక్కు అరవై అడుగులు తవ్వినా తడి తగల్దు. మోకాల్లోతుకే నీళ్ళంట.”

నేనూ నవ్వాను. సావుకారి కూడా నవ్వాడు. ముగ్గురం అనంతపురం జిల్లా దుమ్ములో పుట్టి పెరిగినవాళ్ళం, నీళ్ళు అడగకుండా వస్తాయని మాకెలా తెలుస్తుంది? ఇసుక కూలకుండా చుట్టూ పలకలు దించి, మగ్గం నిలబెట్టి, పడుగు లాగి కట్టేసరికి నాలుగు రోజులైంది. ఆ మరుసటి రోజు అమావాస్య. నాయన నేస్తూ నేస్తూ ఆగి, “పాపా, గుంతలో నీళ్ళెవురు పోసినారు?” అన్నాడు.

ఎవరూ పోయలేదు. అడుగు నుంచి ఊరుతున్నాయి. చీలమండ దాకా వచ్చి ఆగాయి. మధ్యాహ్నానికి ఇంకిపోయాయి. మళ్ళీ వచ్చాయి. సావుకారి తల పట్టుకున్నాడు. మగ్గం విప్పి ఇంకో చోట పెడితే నాలుగు రోజులు పోతాయి, క్రిస్మస్‌కు చీర కాదు. “దేశం గాని దేశంలో నా మానం తీసుకొచ్చి గుంతలో ముంచితివి గదప్పా” అని నాయన్ను అన్నాడు. తాను నవ్విన సంగతి మరిచిపోయాడు. ఆ రోజు నుంచి ఆటుపోట్లను బట్టి నేను రేకు డబ్బాతో నీళ్ళు తోడేదాన్ని. తోడినా సగం మిగిలేవి. నాయన ఆ ఉప్పు నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని నేశాడు.

నీళ్ళ కంటే పెద్ద కష్టం ఇంకొకటి వచ్చింది. గంజి పట్టించిన పడుగు సముద్రపు గాలికి చెమర్చి, పోగుకు పోగు అంటుకుపోయేది. నాయన అరచెయ్యి పడుగు మీద జరిపి, మళ్ళీ జరిపి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

“పాపా, చేతికి ఏమీ తెలీడంల్యా.”

ఇన్నాళ్ళూ ఆయన చెయ్యి కాపాడింది, నేను తోడున్నానంతే. ఇప్పుడు ఆ చెయ్యి కూడా పోయింది. ఆ రోజు నుంచి మగ్గానికి ఎదురుగా పీట వేసుకుని వేల పోగులను చూస్తూ కూర్చున్నాను. పోగు తెగితే దగ్గేదాన్ని. నాయన కాలు ఆపేవాడు. సావుకారి వచ్చి నిలబడితే, అది సైగ అని తెలియకుండా ఇంకా ఎక్కువ దగ్గాల్సి వచ్చేది. “ఈ పిల్లకు గాలి పడల్యా” అనేవాడాయన. రోజూ సాయంత్రం వచ్చి, ఆ రోజు ఎన్ని మూరలు నేశాడో చేత్తో కొలిచి పోయేవాడు. మూడు వారాలు సముద్రం పక్కన ఉండి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పండుగ ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం, ఆ తోటపని పెద్దామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చర్చిలో అలంకారం జరుగుతోంది, చూసి వద్దాం రమ్మని సైగ. నేను వద్దన్నాను. నాయనే, “పోయిరా పాపా, గంటసేపే గదా. వచ్చినప్పట్నుంచి ఆ పీట ఇడ్సల్యా నువ్వు” అన్నాడు. అమ్మ చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండే పోయాను.

చర్చి చిన్నది, తెల్ల సున్నం, లోపల మైనం వాసన. ఆడవాళ్ళు ఎర్ర తురాయి పూలను గోనెల్లో తెచ్చి కిటికీలకు కడుతున్నారు. ఒక మూల చెరకు ఆకుతో పశువుల పాక కట్టి, అందులో మట్టి ఆవును, మట్టి గాడిదను, తల్లినీ బిడ్డనూ పెట్టారు. నాకొక బుట్ట లిచీ పండ్లు ఇచ్చి తినమన్నారు. కాగితం గొలుసులు అతికించమన్నారు. అతకడం నాకు రాని పనా? అందరికంటే వేగంగా అతికాను. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఒక్క ముక్క భాష తెలియకుండా అంతసేపు నవ్వొచ్చని అంతకు ముందు నాకు తెలియదు. గంట అనుకున్నది రెండు గంటలైంది.

తిరిగి వచ్చేసరికి నాయన హుషారుగా నేస్తున్నాడు. “ఒక్క పోగు గూడా తెగల్యా ఈ పొద్దు” అన్నాడు నవ్వుతూ. నేను మగ్గం వెనక్కు పోయి చూశాను. ఎర్ర పోగు ఒకటి తెగి, కిందికి వేలాడుతోంది.

తెగిన పోగును పట్టించుకోకుండా నేసుకుంటూ పోతే చీరలో అక్కడ సన్నని గీత పడుతుంది. వెలుగుకు పట్టి చూస్తే కనపడుతుంది. జానెడు గీత. సగం ఇంకా బయటే ఉంది. సగం అప్పటికే నేసిన గుడ్డతో పాటు కర్రకు చుట్టుకుపోయింది. ఊడదీస్తే సాయంత్రం సావుకారి కొలిచేటప్పుడు మూర తగ్గిందని పట్టేస్తాడు. నాయన కాళ్ళు కడుక్కోవడానికి పోయినప్పుడు, బయట ఉన్న సగాన్ని సూదితో ఒక్కొక్క పోగూ ఎత్తి దించి సరిచేశాను. లోపలి సగం, నాలుగు వేళ్ళ పొడవు, అలాగే మిగిలిపోయింది. ఇంట్లో అయితే చీర కోశాక అమ్మా నేనూ ఒక పూటలో సరిచేసి ఇచ్చేవాళ్ళం. ఇక్కడ కోసిన మరుక్షణం నూరుమంది ముందు పరుస్తారు. నాయనకు చెప్పలేదు. భయం వల్ల కాదు, సిగ్గు వల్ల.

ఆ సాయంత్రమే నాయనకు చలిజ్వరం పట్టుకుంది. రెండు వారాలు ఉప్పు నీళ్ళలో కాళ్ళు పెడితే పట్టుకోక ఏం చేస్తుంది? తెల్లారి లేవలేకపోయాడు. కొంగు అంతా మిగిలే ఉంది. కొంగంటే చీరకు ముఖం, జరీ పనంతా అక్కడే. మరుసటి రోజు మధ్యాహ్నానికి కోయాలి. ఆ పొద్దు సావుకారి చీరలు చూపించడానికి పక్క పట్నం పోతున్నాడు, రాత్రికి కానీ రాడు. కారు పోయిన చప్పుడు వినగానే నేను చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి గుంతలోకి కాళ్ళు దించాను.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, పోగులు అతుకుతారు, పడుగు సరిచేస్తారు. గుంతలో కూర్చోరు. నేను మాత్రం నాయన నిద్రపోయే మధ్యాహ్నాల్లో దొంగతనంగా కూర్చుని నేర్చుకున్నాను. ఆయన నిద్రపోవడం లేదని నాకు తెలిసింది ఆ రోజే. పందిరి మూల చాప మీద దుప్పటి కప్పుకుని పడుకుని, నా పలకల చప్పుడు వింటూ, “మెల్లగ తొక్కు పాపా. ఇంట్లో గూడా ఇదే తప్పు చేస్తాంటావు. తొందరపడితే జరీ లాగుతాది” అన్నాడు. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

ఆ పొద్దంతా నేశాను. సందర్శకులు వస్తే ఫొటోలు తీసుకుని పోయారు, వాళ్ళకెవరైతేనేం. తోటపని పెద్దామె నిమ్మగడ్డి కాచిన నీళ్ళు తెచ్చి నాయనకు తాగించేది, దారి వైపు చూస్తూ నాకు కాపలా కాసేది. కారు కనపడగానే చీపురు ఎత్తి చూపించింది. నేను గుంతలోంచి లేచాను, నాయన దిగాడు. వణుకుతున్న కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చున్న ఆయన్ను చూసి సావుకారి, “ఇంత నేసినావా ఈ పొద్దు? సెబాసప్పా” అన్నాడు. మిగిలిన జానెడూ పండుగ రోజు తెల్లవారుజామున పూర్తిచేశాను. చర్చి గంటలు మోగుతున్నాయి, ఎక్కడో ఆడవాళ్ళు గొంతు కలిపి పాడుతున్నారు. జరీ నెమళ్ళు ఒక్కొక్కటీ నా చేతికింద లేస్తుంటే నాకు కలిగిన గర్వాన్ని దాచుకోను. అంత గర్వం నాకు నా పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు.

మధ్యాహ్నం. చర్చి నుంచి నేరుగా వచ్చిన జనం, ఇస్త్రీ బట్టలు, పిల్లల చేతుల్లో బుడగలు. సావుకారి పంచె మీద కోటు వేసుకున్నాడు. జ్వరం కాస్త దిగి నాయన మగ్గంలో కూర్చున్నాడు. చివరి నాలుగు పోగులు ఆయన వేశాడు. హోటలు యజమాని కత్తెర పట్టుకుని కోశాడు. చప్పట్లు. నలుగురు పట్టుకుని చీరను ఎండకు అడ్డంగా పరిచారు. నేను చీర ఎర్ర ఒంటి మీద ఆ నాలుగు వేళ్ళ జాగా ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

సావుకారి ముందు కొంగు చూశాడు. ముఖం వెలిగిపోయింది. “ఇరవై ఏండ్లలో ఇట్లాంటి కొంగు నువ్వు నేయల్యా” అన్నాడు నాయనతో. తర్వాత చేతిని చీర పొడుగునా జరుపుతూ వచ్చాడు. వేలు ఒక చోట ఆగింది. జనం వైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చెరగకుండానే తెలుగులో మాట్లాడాడు.

“ఇదేందప్పా? ఇంత గీత నీ కంటికి కనపడల్యా?”

నాయన ముందుకు వంగి చూశాడు. ఆయన చూసింది గీత ఉన్న చోటు కాదు, దానికి మూరెడు అవతల. సావుకారి నవ్వుతున్న పెదవుల పైన కళ్ళు చిన్నవయ్యాయి. ఆయన వేలు గీత దగ్గర, చూపు నాయన కళ్ళ మీద. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే మా మగ్గం పని అయిపోయినట్టే.

“ఆడ నేసింది నేను, సావుకారీ” అన్నాను.

“నువ్వా?”

“నాయనకు జ్వరమొచ్చింది. నేను దిగి నేసినా. పోగు తెగింది, సూసుకోల్యా.”

“మరి కొంగు?”

నాయన వైపు చూశాను. కొంగు నా కూతురిది అని ఆయన అంటాడనుకున్నాను. ఒక్క మాట. ఆయన నాడెను రెండు చేతుల్లో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు, కనపడుతున్నట్టు.

“కొంగు నాయనదే” అన్నాను.

సావుకారి గట్టిగా ఊపిరి వదిలాడు. “అట్ల చెప్పు! నేను ఇంకేమో అనుకొంటి. ఇను అప్పా, ఈ పిల్ల ఇంకోసారి గుంతలో కాలు పెట్టిందంటే నా పడుగు నీ గడప తొక్కదు. ఆడపిల్లను మగ్గమెక్కిస్తే ఇట్లే ఉంటాది.” నాయన తల ఊపాడు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాక మళ్ళీ చప్పట్లు కొట్టారు.

పొద్దు వాలేటప్పటికి ఊరు ఊరంతా సముద్రం ఒడ్డున ఉంది. చెట్ల కింద గిన్నెలు, చాపలు, డప్పులాంటి వాద్యం ఒకటి, నడుములు తిప్పుతూ ఆటలు. తోటపని పెద్దామె మా ఇద్దరినీ తన వాళ్ళ మధ్య కూర్చోబెట్టి పళ్ళేల్లో అన్నం, చేపలు పెట్టింది. నేను తిన్నాను. నాయన ముట్టలేదు. పళ్ళెం పక్కకు జరిపి అన్నాడు:

“నువ్వు అబద్ధం చెప్పింది నాకోసం పాపా. నేను నోరు మూసుకొనింది గూడా నాకోసమే.”

నాకు కోపం పట్టలేనంతగా వచ్చింది. ఆయన ఏమీ అనకుండా ఉంటే ఓర్చుకునేదాన్నేమో. తెలిసే ఊరుకున్నాడని ఆయనే చెప్పేసరికి ఓర్చుకోలేకపోయాను. “అంత తెలిసినోనివి పోయి చెప్పు, ఆ కొంగు ఎవురిదో. ఇప్పుడే పోయి చెప్పు” అన్నాను. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

నాయన లేచాడు. హోటలు మెట్ల మీద సావుకారి కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె కాబట్టి నాయనకు ఆ దిక్కు తెలిసి ఉండాలి. చెయ్యి ముందుకు చాచి, ఇసుకలో కాళ్ళు తడబడుతూ, ఆడేవాళ్ళ మధ్య నుంచి నేరుగా ఆ తెలుపు వైపు నడవసాగాడు. ఊరికే బెదిరించడానికి పోవడం లేదు. నిజంగా చెప్పేస్తాడు. కొంగు సంగతి చెబితే గీత సంగతి చెప్పాలి, గీత సంగతి చెబితే కళ్ళ సంగతి చెప్పాలి. నాకు ఇంటి దగ్గర అమ్మ కనపడింది, చెల్లెళ్ళు కనపడ్డారు, పడుగు లేని మగ్గం కనపడింది. లేచి పరిగెత్తాను. మెట్లకు పది అడుగుల దూరంలో వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకున్నాను.

“వద్దు నాయనా.”

“చెప్పమనింది నువ్వే గదా పాపా. ఇడువు. చెప్పనీ నన్ను.”

“వద్దు. నీ కాళ్ళు పట్టుకొంటా, వద్దు.”

ఆయన లాగాడు. నేను వదల్లేదు. చొక్కా చంక దగ్గర చిరిగింది. సావుకారి పైనుంచి, “ఏమైందప్పా?” అని కేకేశాడు. “ఏంల్యా సావుకారీ, నాయన దారి తప్పినాడు” అని నేనే జవాబిచ్చాను.

ఇంటికొచ్చాక పడుగులు వచ్చాయి. ఏడాదిన్నరకు శుక్లాలు ముదిరాయి. హిందూపురంలో కోశారు. అప్పటికి పెద్ద చెల్లెలి మొగుడు మగ్గం అందుకున్నాడు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. అంతకు ముందే నేను పెళ్ళయి పెనుకొండ పోయాను. మళ్ళీ గుంతలో కాలు పెట్టలేదు.

ఈ కథ నేను చాలామందికి చెప్పాను. ఎప్పుడు చెప్పినా, కొంగు ఎవరిదని సావుకారి అడిగితే మా నాయన నోరు తెరవలేదు అనే చోట ఆపేసేదాన్ని. వినేవాళ్ళు నాయన్ను తిట్టేవాళ్ళు, నన్ను చూసి అయ్యో అనేవాళ్ళు. నా పిల్లలు కూడా తాతను అలాగే తలుచుకుంటూ పెరిగారు. నాయన నిజం చెప్పడానికి పోయాడని, చొక్కా చిరిగేలా లాగి ఆపింది నేనేనని వాళ్ళకు చెప్పలేదు. నాయన కూడా, మనవళ్ళు తన ముఖం మీదే అడిగినప్పుడు సైతం, ఆ సంగతి చెప్పకుండానే పోయాడు.